చాచా తల ఊపిన ఆదివారం

మూతికి కట్టుకున్న మాస్కులు మెల్లగా గడ్డాల కిందికి దిగి, అక్కడి నుంచి జేబుల్లోకి చేరుతున్న కాలమది. డిగ్రీ పాసైన ప్రతివాళ్లూ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి తమ కోసం ఎక్కడో ఎదురుచూస్తోందని నమ్మేవాళ్లు. నేనూ నమ్మాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ కాక, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసినట్టు ఒక సర్టిఫికెట్ ఉండేది. ఏ దరఖాస్తు నింపినా 'కంప్యూటర్ పరిజ్ఞానం' అన్న చోట 'చాలా బాగా తెలుసు' అని రాసేదాన్ని. 'తెలుసు' అని రాసి ఊరుకున్నా సరిపోయేది. ఆ 'చాలా', ఆ 'బాగా' ఎందుకు రాశానో ఇప్పటికీ నాకు తెలియదు. రాసిన మాటకు కట్టుబడాల్సి వస్తుందని ఆ వయసులో ఎవరూ అనుకోరేమో.

మాది కట్టంగూర్ దగ్గర చిన్న ఊరు. బాపు, అంటే మా నాన్న, గొర్లు కాస్తాడు. మా ఇంట్లో ఫోన్‌కు సిగ్నల్ కావాలంటే గొర్ల దొడ్డి వెనకాల బండ ఎక్కాలి. ఇంటర్నెట్ కావాలంటే ఆ బండ మీద కూడా కాసేపు నిలబడి ఓపిక పట్టాలి. అందుకే హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసు వాళ్లు, మనుషులు మాట్లాడిన రికార్డింగులు విని తెలుగులో టైపు చేసే పని ఉంది, ముందు ఐదు రికార్డింగులు చేసి చూపించు, బాగుంటే తీసుకుంటాం అన్నప్పుడు, నేను పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుని నల్లగొండలో గది వెతుక్కున్నాను. ఒంటరి ఆడపిల్లకు కిరాయికి ఇవ్వబోమని నాలుగిళ్లవాళ్లు చెప్పాక ఐదో ఇంట్లో దొరికింది. గడియారం సెంటర్ నుంచి పది నిమిషాల నడక. మేడ మీద ఒకటే గది. కింద ఇంటివాళ్లు, చాచా, చాచీ.

చాచా నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. దుకాణం మూసేశాక కూడా ముందు గదిలో బల్ల వేసుకుని, కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని, ఎవరూ అడగకపోయినా పాత గడియారాలు విప్పుతూ కూర్చునేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, మహబూబ్‌నగర్‌లో ఉండేది. నేను ఆమెను చూడకముందే ఆపా (అక్క) అని పిలవడం మొదలుపెట్టాను, ఎందుకంటే చాచీ రోజుకు పదిసార్లు ఆమె మాట ఎత్తేది. ఆపా భర్త అక్కడొక ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. ఈ అల్లుడికీ చాచాకూ రెండేళ్లుగా మాటల్లేవు. ఒక పండుగనాడు భోజనాల దగ్గర అల్లుడు, మామా, గిప్పుడు గడియారాలు ఎవరు పెట్టుకుంటున్నరు, ఫోన్లు రిపేర్ చేసుడు నేర్చుకో రాదు, అన్నాడట. చాచా తింటున్న పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడట. ఆ తర్వాత అల్లుడు ఈ గడప తొక్కలేదు. ఈ సంగతి చాచీ నాకు బియ్యం ఏరుతూ చెప్పింది.

నాకు మంచి హెడ్‌ఫోన్లు కావాలని తెలిసి చాచా ఒకరోజు లోపలి నుంచి ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. వైర్లు లేనివి, నల్లగా మెరుస్తున్నాయి. ఆపా తన పాత కంప్యూటర్ వీళ్లకిచ్చినప్పుడు, దాంతోపాటు వాడుకోమని అల్లుడు పంపాడట. ఆపా వచ్చి అన్నీ కలిపి, ఎలా వాడాలో చూపించి వెళ్లిందట. కంప్యూటర్ కూతురిది కాబట్టి చాచాకు దానితో పేచీ లేదు. హెడ్‌ఫోన్లు మాత్రం అల్లుడివి. "ఆయన తెచ్చింది నేను చెవులకు పెట్టుకోను బేటీ. నీకు పనికొస్తది, తీస్కో" అన్నాడు. నేను రెండు చేతులా తీసుకున్నాను.

పైకి వెళ్లి మీట నొక్కి చెవులకు పెట్టుకోగానే, లోపల్నుంచి ఒక ఆడగొంతు 'కనెక్టెడ్' అంది. ఇంత సులువా అనుకున్నాను. (దేనికి కనెక్టయిందో ఆ గొంతు చెప్పలేదు. నేనూ అడగలేదు.) ఆఫీసువాళ్లు పంపిన మొదటి రికార్డింగు తెరిచి మొదలుపెట్టాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒకావిడ గోంగూర కడగడం గురించి మాట్లాడసాగింది. నేను టైపు చేయసాగాను. మధ్యలో ఆపుదామని ఆపాను, ఆమె ఆగలేదు. పాత కంప్యూటర్ కదా అనుకున్నాను. తర్వాత, నా వేగం పరీక్షించడానికే ఆఫీసువాళ్లు ఇలా ఆగకుండా పెట్టారేమోనని కూడా అనుకుని ఇంకా గట్టిగా వేళ్లు ఆడించాను. మాంసం ఎంతసేపు ఉడకాలి, ఆకు ఎప్పుడు వేయాలి, నూనె పైకి తేలేదాకా మూత ఎందుకు తీయకూడదు, అన్నీ ఒక్క అక్షరం పోకుండా రాసి, రెండుసార్లు దిద్ది పంపాను.

మర్నాడు ఆఫీసు మేడం ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. మీ టైపింగ్‌లో ఒక్క తప్పు కూడా లేదమ్మా, ఇంత శుభ్రంగా రాసినవాళ్లను ఈ మధ్య చూడలేదు, కానీ మేం పంపింది వరి నారుమడి గురించి ఒక రైతు మాట్లాడిన రికార్డింగు, మీరు గోంగూర మాంసం రాశారు, అంది. నేను ఏదో ఫైలు తారుమారై ఉంటుందన్నాను. ఆమె బుధవారం సాయంత్రం లోపల ఐదూ సరిగ్గా పంపమని, ఇదే చివరి అవకాశమని చెప్పింది. ఊళ్లో బాపు అప్పటికే నలుగురికి చెప్పేశాడు, మా బిడ్డకు కంప్యూటర్ల నౌకరీ వచ్చిందని.

ఇంతలో కింద ఇంకో కష్టం మొదలైంది. చాచీ మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు కూర్చుని వంటల వీడియోలు చూసేది. ఆ వారం నుంచి, సరిగ్గా వంట మధ్యకు వచ్చేసరికి దానికి గొంతు పోతోందట. చాచా ఊరుకోలేదు. డబ్బా వెనక మూత విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని, గడియారానికి వాడే సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్క మర బిగించాడు. అయినా మాట రాలేదని నన్ను కేకేశారు. నేను ఛార్జింగ్ దండగని హెడ్‌ఫోన్లు ఆపేసి కిందికి దిగాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి కంప్యూటర్ గట్టిగా మాట్లాడుతోంది. చాచా స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ, "ఒక మర వదులుంటే బిగించిన. మిషన్ ఏదైనా మిషనే" అన్నాడు. మూడు రోజుల్లో ఇలా నాలుగుసార్లు జరిగింది. నాలుగుసార్లూ ఆయనే బాగుచేశాడు. చాచీ ఈ విషయం ఆపాకు ఫోన్‌లో చెబితే, ఆపా తన భర్తకు చెప్పిందట, ఆయన నవ్వలేదట. ఆ మాట విన్నాక చాచా ముఖంలో వచ్చిన వెలుగు నేను చూశాను.

శనివారం గడియారం సెంటర్‌లో ఒక దుకాణానికి వెళ్లి నా గోడు చెప్పుకున్నాను. దుకాణంవాడు అంతా విని, నీ కంప్యూటర్ పాతది, వైర్లు లేనివాటిని పట్టుకునే శక్తే దానికి లేదు, ఇది పెట్టుకో అని గోరంత ముక్క ఒకటి ఇచ్చాడు. మరి ఆ గోంగూర నా చెవుల్లోకి ఎక్కణ్నుంచి వచ్చింది అన్న ప్రశ్న నాకు అక్కడే రావాలి. రాలేదు. ముక్క తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చి, ఆదివారం సాయంత్రం కుక్కర్‌లో పప్పు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. 'కనెక్టెడ్' అంది ఆ గొంతు. నా కంప్యూటర్ తెర మీద మాత్రం హెడ్‌ఫోన్ల పేరు ఎక్కడా కనబడలేదు. ఎందుకు కనబడదో తేల్చుకుందామని ముందుకు వంగి చూస్తుంటే, నా చెవుల్లో ఒకావిడ "అమ్మీ" అని పిలిచింది.

ఆ పిలుపుతో నాకు మొత్తం అర్థమైంది. ప్రతి ఆదివారం నాలుగింటికి ఆపా కింది కంప్యూటర్‌లోకి వీడియో కాల్ చేస్తుంది. ఈ హెడ్‌ఫోన్లు మొదటి నుంచీ కింది కంప్యూటర్‌నే గుర్తుపెట్టుకుని, నేను మీట నొక్కినప్పుడల్లా పోయి దాన్నే పట్టుకుంటున్నాయి. వాళ్ల గొంతు పోవడానికీ, నాకు గోంగూర రావడానికీ కారణం ఒక్కటే. అర్థమైన మరుక్షణం వాటిని తీసి పక్కన పెట్టాల్సింది. తీద్దామని చేతులు పైకెత్తాను కూడా. అప్పుడే ఆపా గొంతు మారింది. (వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అమ్మీ అంటే అమ్మ, అబ్బా అంటే నాన్న. నల్లగొండలో ఉన్నవాళ్లకు అది అర్థం కాకపోవడమంటూ ఉండదు. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.)

ఆయన పనిచేసే దుకాణం మూతబడి మూడు నెలలైందని చెప్పింది. మీకు చెప్పడానికి ముఖం చెల్లలేదంది. ఇక్కడి కిరాయిలు కట్టుకుంటూ పిల్లాడితో ఉండలేకపోతున్నాం, కొన్నాళ్లు మన ఇంట్లో పై గదిలో ఉంటాం, ఆ అమ్మాయిని ఇంకో గది చూసుకోమని చెప్పండి, అంది. మధ్యలో నా కుక్కర్ కూత వేసింది. ఆపా ఒక్క క్షణం ఆగి, అమ్మీ, కుక్కర్ కూత ఒక్కటే గట్టిగా వినబడుతోంది, మీ మాట వినబడటం లేదు, నా మాట వినబడుతుంటే తల ఊపండి చాలు, అంది. అంటే హెడ్‌ఫోన్లకున్న మైకు కూడా నా దగ్గరే పనిచేస్తోంది. నేను ఒక్క మాట చెబితే చాలు, ఆపా, వాళ్లకు నీ మాట వినబడటం లేదు, అని. నోరు తెరిచేసరికి నాకు దగ్గొచ్చింది. అమ్మీ నీకు దగ్గుందా, అని ఆపా అడిగింది. నేను చేత్తో నోరు మూసుకున్నాను.

తర్వాత ఆమె చెప్పింది, అసలు సంగతి: "ఆయన కూడ వస్తడు అబ్బా. తప్పు మాట అన్ననని ఆయనకు ఎరుకే. నువ్వు కోపం ఇడిసిపెడితేనే వస్తం. సరేనంటే సరే, కాదంటే ఇప్పుడే కాదను."

నేను చప్పుడు కాకుండా మెట్ల మీదికి వచ్చి వంగి చూశాను. కింది కిటికీలోంచి వాళ్లిద్దరూ కనబడుతున్నారు. తెర మీద పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అయినా చాచా నిటారుగా కూర్చుని, నవ్వుముఖంతో తల ఊపుతున్నాడు. నాలుగుసార్లు బాగుచేసిన మిషన్ మళ్లీ మూగబోయిందని, అందులోనూ అల్లుడు పక్కనే ఉండి వింటున్నాడేమో అనుకుంటూ, ఆయన ఎలా ఒప్పుకుంటాడు? చాచీ ఆయన వైపు ఒకసారి చూసి, ఈయనకు వినబడుతోంది, నా చెవులే పోయినట్టున్నాయనుకుని, తనూ ఊపింది. నా చెవుల్లో ఆపా ఏడుపు వినబడింది. ఇంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు అబ్బా, అంటోంది. చాచా ఇంకోసారి ఊపాడు.

కాల్ అయిపోయాక చాచా నన్ను పిలిచాడు. కంప్యూటర్‌కు మళ్లీ గొంతు పోయిందని, ఆపా ఏదో చెప్పింది సమజ్ కాలేదని, సంతోషంగానే ఉన్నట్టుందని మెల్లగా అన్నాడు. ఫోన్ చేసి అడగరాదా అన్నాను, అడగొద్దని మనసులో మొక్కుకుంటూ. అడిగితే వినబడలేదని తెలిసిపోతుంది కదా, ఆయన అడగలేదు. నేను చూస్తానని చెప్పి పైకి వచ్చేశాను. కింది కంప్యూటర్‌ను మరిచిపోయేలా హెడ్‌ఫోన్ల మీట నొక్కి పట్టుకుని, నా కంప్యూటర్‌కు కలిపాను. లోకంలో ఇంత చిన్న పని ఇంకోటి ఉండదు. ఆ రాత్రీ, సోమ, మంగళవారాలూ కూర్చుని ఐదు రికార్డింగులూ చేశాను. వరి నారుమడి రైతు చాలా మంచివాడు, నిదానంగా మాట్లాడాడు. బుధవారం మేడం ఫోన్ చేసి, ఒకటో తారీకు నుంచి పనిలో చేరమంది. బాపుకు చెబితే, బండ మీద నిలబడి ఉన్నాడేమో, గాలి చప్పుడులో ఆయన నవ్వు వినబడింది.

ఆ సంతోషం నాకు ఒక పూట కూడా నిలవలేదు. ఈ మూడు రోజులూ నాకు నేను చెప్పుకున్న మాటలు చాలా ఉన్నాయి. చాటుగా విన్న మాట చెప్పడం తప్పు కదా అన్నాను. వాళ్ల ఇంటి విషయంలో నేనెవరిని అన్నాను. నిజం ఏమిటంటే, ఆ గది పోతే ఇంకో గది దొరకదని నాకు భయం. గురువారం పొద్దున కిందికి దిగేసరికి చాచీ ఎండు ఖుబానీ పళ్లు నీళ్లలో నానబెడుతోంది. ఆపా ఫోన్ చేసి శుక్రవారం వస్తున్నామందట, రెండు రోజులుండి పోతారేమో, ఏమైనా తీపి చేద్దామని, అంది. 'వస్తున్నామ'న్న మాటలో ఎవరెవరున్నారో ఆమెకు తెలియదు. నేను గిన్నె పక్కన నేల మీద కూర్చుండిపోయాను. చాచా బల్ల దగ్గర గడియారం విప్పుతున్నాడు. మొత్తం చెప్పేశాను, గోంగూర నుంచి దగ్గు దాకా.

చాచా కంటి మీది భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు, "నేను తల ఊపిన్నా?"

"ఊపిండ్రు చాచా."

"ఆయన వస్తడన్నప్పుడు గూడ?"

"అప్పుడే ఇంకింత ఎక్కువ ఊపిండ్రు."

ఆయన విప్పిన గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. లేచి బయటికి వెళ్లిపోతాడనుకున్నాను. అలా జరగలేదు. మూడు నెలలు, అని తనలో తాను ఒకసారి అనుకున్నాడు. పని పోయి మూడు నెలలైనా కూతురు చెప్పలేదన్నదే ఆయనకు ఎక్కువగా తగిలినట్టుంది. తర్వాత చాచీతో, "ఊపిన గద. ఇప్పుడు కాదంటే బిడ్డ మొఖం ఎట్ల చూడాలె" అని, చిన్న స్క్రూలు ఒక్కొక్కటీ డబ్బీలో వేయసాగాడు.

చాచీ నా వైపు తిరిగి, "నువ్వు గప్పుడే ఎందుకు చెప్పలె?" అంది. గది పోతుందని భయమైందని చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుంది. "భయమైతే భయమని చెప్పాలె బేటీ. మేమేమన్న నిన్ను బజార్ల నిలబెడుదుమా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా నాకు అంత ఏడుపు వచ్చేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్లు వచ్చేసరికి నా సామాను మూటలు కట్టి సిద్ధంగా ఉంది. ఇంకో గది దొరికేదాకా ముందు గదిలో, చాచా బల్ల పక్కన నా కంప్యూటర్ పెట్టుకోమన్నారు. ఆపా నాకంటే పొట్టిగా ఉంది, గొంతు మాత్రం నాకు బాగా పరిచయం. ఆమె రాగానే సంచిలోంచి దగ్గు మందు సీసా తీసి చాచీ చేతిలో పెట్టింది. చాచీ దాన్ని ఇటూ అటూ తిప్పి, తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్కడే ఆపాకు కూడా అంతా చెప్పాల్సి వచ్చింది. ఆమె విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ముందు నవ్వు దాచుకోవడానికి, తర్వాత ఏడుపు దాచుకోవడానికి. అబ్బా, అయితే నువ్వు సరేననలేదా, అంది. చాచా, అన్నాననే అన్నాడు. ఎప్పుడన్నావంటే, నిన్న అన్నాను, అన్నాడు.

ఆమె భర్త గేటు బయటే నిలబడ్డాడు, ఆటో దించిన సామాను కాపలా కాస్తున్నట్టుగా. ఎవరూ రమ్మనలేదు, ఆయనా రాలేదు. నేను ఏదో ఒకటి చేయాలనిపించి మేడ మీదికి వెళ్లి కంప్యూటర్ ఎత్తుకుని దిగబోయాను. మెట్లు ఇరుకు, కాలు తడబడింది. ఆయన పరుగున వచ్చి నా చేతుల్లోంచి దాన్ని అందుకుని, వెనక్కి వెనక్కి దిగసాగాడు. గుమ్మం దగ్గరకు వచ్చేసరికి చాచా ఎదురుగా నిలబడి ఉన్నాడు. రెండేళ్ల తర్వాత మామ అల్లుడితో మాట్లాడిన మొదటి మాట నేను నా చెవులతో విన్నాను, ఏ హెడ్‌ఫోన్లూ లేకుండా. "జర ఎడమకు జరుపు. గోడ తగుల్తది" అన్నాడు. అల్లుడు ఎడమకు జరిపాడు. తర్వాత ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బల్ల మీద పెట్టారు.

వాళ్లు ప్రాణస్నేహితులేమీ కాలేదు. ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఉండి, అవసరమైనంతే మాట్లాడుకున్నారు: నీళ్లొచ్చినయి, కరెంటు పోయింది, పిలగాడు నిద్రపోయిండు. కానీ పళ్లెం ముందు నుంచి ఎవరూ మళ్లీ లేవలేదు. నేను వారం రోజులకని ముందు గదిలో చేరి, ఇంకో గది వెతకడం ఏ రోజు మానేశానో గుర్తులేదు. రోజంతా ఒక పక్క చాచా గడియారాలు, ఇంకో పక్క నా కీబోర్డు. మధ్యాహ్నం చాచీ వంటల వీడియో పెడితే నేను పని ఆపి వినేదాన్ని. గోంగూర మాంసం నాకు కంఠతా వచ్చని తెలిసి ఒకరోజు నాచేతే వండించింది. ఉప్పు తక్కువైంది.

ఎనిమిది నెలలకు ఆపా భర్తకు మహబూబ్‌నగర్‌లోనే మళ్లీ పని దొరికి వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు చాచీ పై గది ఊడ్చి, తాళంచెవి తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టి, పైకి పోతవా అని అడిగింది. ఇప్పుడు ఆఫీసులో నా కింద పనిచేసే పిల్లలు చిన్న తప్పు దాచిపెట్టి దొరికిపోయినప్పుడు, నేను వాళ్ల మీద గట్టిగా అరవలేను. మేడ మీద నోరు మూసుకుని కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఒక్క గది కోసం ఎంత భయపడింది, పాపం. ఆ రోజు మాత్రం ఆ తాళంచెవిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎవరికన్నా కిరాయికియ్యుండ్రి చాచీ, నేనిక్కడనే ఉంట, అన్నాను. చాచీ తాళంచెవిని కొంగుకు ముడేసుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.